మూడో సెమిస్టరు మొదలైంది: ల్యాటరల్ ఎంట్రీవాళ్లంతా చివరి బ్యాచ్‌లోనే ఎందుకు?

నల్లరాయి | సోమవారం, రాత్రి 9:10

మాకు మూడో సెమిస్టరు తరగతులు మొదలయ్యాయి. వరంగల్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ, సివిల్ బ్రాంచి. కాలేజీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేది చాలా కాలేజీల్లో జరుగుతున్నదే.

మొదటి సంవత్సరమంతా అన్ని బ్రాంచీలవాళ్లం ఒకే భవనంలో ఉండేవాళ్లం. ఫిజిక్సు, కెమిస్ట్రీ, ఇంగ్లిషు, ఎం-1, ఎం-2 అనే రెండు లెక్కల సబ్జెక్టులు. ఎవరైనా అడిగితేనే నేను సివిల్ అని గుర్తొచ్చేది. ఇప్పుడు మా సొంత భవనంలోకి వచ్చాం. కింది అంతస్తులో సర్వే ల్యాబ్, పక్కనే కాంక్రీటు ల్యాబ్. పాత బ్యాచ్‌లవాళ్లు పోసిన కాంక్రీటు దిమ్మలు వరండాలో గోడవారగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని మీద గ్రేడు, పోసిన తేదీ పెయింటుతో రాశారు. వాటి పక్కనుంచి తరగతికి నడుస్తుంటే అసలు చదువు ఇప్పుడే మొదలైనట్టుంది.

చిన్న మార్పులు కూడా చాలా కనిపిస్తున్నాయి. బస్సులో అమ్మాయిలం 2023 డిసెంబరు నుంచి ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటున్నాం కదా, పాసుల కౌంటరు ముందు వరుసలో ఇప్పుడు దాదాపు అబ్బాయిలే. నిరుడు నా పక్కన కూర్చున్న స్నేహితురాలు కంప్యూటర్ సైన్స్ భవనానికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర తప్ప కలవడం లేదు. రికార్డు, అబ్జర్వేషన్ పుస్తకాలు కొని అట్టలు వేసుకున్నాం.

ఇక అసలు విషయం. ఈ సెమిస్టరులోనే ల్యాటరల్ ఎంట్రీవాళ్లు, అంటే పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఈసెట్ ప్రవేశ పరీక్షతో నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లు, మాతో కలిశారు. మా రోల్ నంబర్ల మధ్యలో ‘1ఏ’ ఉంటే వాళ్లకు ‘5ఏ’. ముందుండే సంవత్సరం అంకె కూడా మాకంటే ఒకటి ఎక్కువ. కాబట్టి హాజరు పట్టికలో వాళ్ల పేర్లు చివర ఉంటాయి. ల్యాబ్ బ్యాచ్‌లను రోల్ నంబర్ల వరుసలో కోస్తారు, అందువల్ల వాళ్లంతా మూడో బ్యాచ్‌లో పడ్డారు. కౌన్సెలింగ్ ఆలస్యమై వాళ్లు వచ్చేసరికి ముందు బెంచీలు నిండిపోయాయి, తరగతిలోనూ వెనకే కూర్చున్నారు. నిజానికి మేమూ వాళ్లూ పదో తరగతి ఒకే ఏడాది రాసినవాళ్లం. మేం ఇంటర్ రెండేళ్లు, బీటెక్ ఒక ఏడాది. వాళ్లు డిప్లొమా మూడేళ్లు. రోల్ నంబరు మాత్రం వాళ్లను మాకు జూనియర్లుగా చూపిస్తోంది.

మొదటి సర్వే ల్యాబ్‌కు అన్ని బ్యాచ్‌లనూ కలిపి మైదానంలోకి తీసుకెళ్లారు. గొలుసు విప్పమంటే మేం నలుగురం కలిసి దాన్ని ముడులు పడేలా చేశాం. మూడో బ్యాచ్ అబ్బాయి ఒకడు వచ్చి, రెండు ఇత్తడి పిడులనూ ఎడమ చేత్తో పట్టుకుని, మిగతా మోపును కుడిచేత్తో ముందుకు విసిరాడు. గొలుసు మెలిక లేకుండా పరుచుకుంది. పని అయ్యాక నడిమి నుంచి మొదలుపెట్టి, రెండేసి లింకులు కలుపుతూ మోపు కట్టేశాడు. ఎవరూ చెప్పలేదు, చేతులకే తెలుసు.

మర్నాడు ఫ్లూయిడ్ మెకానిక్స్ తరగతిలో సారు కంటిన్యుయిటీ సమీకరణం రాశారు. ముందు బెంచీల్లో కలాలు ఆగలేదు. వెనక రెండు బెంచీల్లో ఆగిపోయాయి. విరామంలో అదే అబ్బాయి నా దగ్గరికి వచ్చి, ఆ వంకర ‘డి’ మామూలు ‘డి’కి ఎలా వేరు అని అడిగాడు. మాకు ఎం-1లో పార్షియల్ డెరివేటివ్స్ చెప్పారు. వాళ్లకు ఆ ఏడాదే లేదు.

మాకు లేనిది వాళ్ల దగ్గర ఉంది, వాళ్లకు లేనిది మా దగ్గర ఉంది. అలాంటప్పుడు బ్యాచ్‌లను ఇలా విడదీయడం ఇద్దరికీ నష్టమే అని నా గట్టి అభిప్రాయం. ల్యాబ్‌లో ప్రతి జట్టులోనూ డిప్లొమా చదివినవాళ్లు కనీసం ఒకరు ఉండేలా కలపాలి. మా సీఆర్‌తో (తరగతి ప్రతినిధితో) కలిసి హెచ్‌వోడీ (శాఖాధిపతి) గారిని అడుగుదామనుకుంటున్నాను. మీ కాలేజీల్లో ఎలా చేస్తున్నారు?

---

రెండో బెంచి | సోమవారం, రాత్రి 9:48

నాది ఎలక్ట్రికల్ బ్రాంచి, ఐదో సెమిస్టరు. మీ ఉద్దేశం మంచిదే, కానీ రోల్ నంబర్ల వరుసకు కారణం ఉంది. సెమిస్టరు చివర ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌కు (బయటి పరీక్షకులు పెట్టే పరీక్షకు) జాబితా ఆ వరుసలోనే వస్తుంది. రికార్డులు దిద్దడం, ఇంటర్నల్ మార్కులు ఎక్కించడం కూడా అదే వరుసలో జరుగుతాయి. కలిపేస్తే ఒకరి మార్కులు మరొకరి గడిలో పడే ప్రమాదం ఉంది. అలా పడితే సరిదిద్దించుకోవడానికి ఎంత తిరగాలో మీకు ఇంకా తెలియదు.

దీనికంటే పెద్ద సందేహం ఇంకొకటి. జట్టుకొక డిప్లొమా విద్యార్థిని ఇస్తే పరికరం అతనే బిగిస్తాడు, రీడింగు అతనే తీస్తాడు, మిగతా నలుగురూ అంకెలు రాసుకుని వెళ్లిపోతారు. మెషీన్స్ ల్యాబ్‌లో మా జట్టులో అచ్చంగా ఇదే జరిగింది. కనెక్షన్లన్నీ ఒక్కడే ఇచ్చేవాడు. ఎక్స్‌టర్నల్ రోజున ఎవరి ప్రయోగం వాళ్లు ఒంటరిగా చేయాల్సి వచ్చినప్పుడు తేడా బయటపడింది. మీరు దీనికి ఏం చేస్తారో ముందుగా ఆలోచించండి.

---

చివరిబ్యాచ్ | సోమవారం, రాత్రి 10:31

నేను అదే దారిలో వచ్చినవాడిని. నల్లగొండ జిల్లా, పది తర్వాత పాలిసెట్, సివిల్ డిప్లొమా, ఈసెట్. ఇప్పుడు ఐదో సెమిస్టరు, వేరే కాలేజీ. అందుకని ఈ చర్చ నాకు చాలా దగ్గరిది.

ఈసెట్‌లో 200 మార్కులకు 100 మా బ్రాంచి సబ్జెక్టులవే. లెక్కలు 50, ఫిజిక్సు 25, కెమిస్ట్రీ 25. లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లం కూడా ఇక్కడికి రాగానే తడబడతాం. మేం లెక్కల్లో వెనకబడినవాళ్లమని కొందరు అనుకుంటారు, అది సరి కాదు. ఎం-1, ఎం-2 మా ముందుకు రాలేదు, అంతే. సారు ‘ఇది మీకు నిరుడే చెప్పారు’ అని రెండు మెట్లు దాటేస్తారు. ఆ మెట్లు మేం ఎక్కి ఉండం.

చివరి బ్యాచ్ గురించి రెండు మాటలు. మొదటి నెలలో అందరం ఒక్కచోట ఉండడం మాకు ధైర్యాన్నిచ్చింది. ఎదురుగా నవ్వేవాళ్లు ఎవరూ లేరు, తెలియనిది నిస్సంకోచంగా అడుక్కునేవాళ్లం. ఇది కొట్టిపారేయవలసిన విషయం కాదు. కానీ ఆ తర్వాత నష్టం మొదలైంది. సర్వే ల్యాబ్ పని సగం సమయంలో ముగించి చెట్టుకింద కూర్చునేవాళ్లం. తెలిసినదే మళ్లీ చేశాం, కొత్తగా నేర్చుకున్నది లేదు. లెక్కల్లో మాత్రం బ్యాచ్‌లో అందరిదీ ఒకే సందేహం, తీర్చేవాళ్లు ఎవరూ లేరు.

ఇంకొకటి కూడా చెప్పాలి. కలిపినప్పుడు మాకు ఎప్పుడూ స్టాఫ్ (ఎత్తులు చదవడానికి నిలబెట్టే కొలత కర్ర) పట్టుకునే పని ఇచ్చేవారు. ‘నీకు పరికరం వచ్చు కదా, మమ్మల్ని నేర్చుకోనివ్వు’ అని. స్టాఫ్ పట్టుకోవడమూ పనే, కాదనను. కొంచెం ముందుకూ వెనక్కూ ఊపితే అన్నిటికంటే తక్కువ వచ్చే రీడింగే సరైనది, ఎందుకంటే అప్పుడే స్టాఫ్ నిటారుగా ఉంటుంది. కానీ సెమిస్టరంతా ఎండలో అదే పని చేస్తే మనసు చివుక్కుమంటుంది. రెండో బెంచి గారు చెప్పింది ఒక చివర, ఇది ఇంకో చివర. నల్లరాయి గారూ, రెండూ జరగకుండా చూడగలిగితేనే కలపండి.

---

లెవెల్ మాస్టారు | మంగళవారం, ఉదయం 6:20

నేను సర్వే ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనవాడిని. పిల్లలు ఇలా ఆలోచిస్తుంటే సంతోషంగా ఉంది. ఇద్దరు చెప్పిన సమస్యలకూ పాత విరుగుడు ఒకటే: పనులు తిప్పడం. ఐదుగురి జట్టు అనుకోండి. ఒకరు పరికరం, ఒకరు స్టాఫ్, ఒకరు ఫీల్డ్ బుక్కులో రాత, ఒకరు అక్కడికక్కడే లెక్క, ఒకరు స్టేషన్ల గుర్తులు, స్కెచ్. పరికరం చోటు మారినప్పుడల్లా పనులూ మారాలి. ఎవరి రీడింగు పక్కన వాళ్ల పొడి అక్షరాలు ఉండాలి. ఆ పుస్తకం చూస్తే ఎవరు ఎంత చేశారో నాకు ఇట్టే తెలిసిపోయేది.

ఎత్తుల లెక్కను రైజ్ అండ్ ఫాల్ పద్ధతిలో, అంటే ఒక చోటి నుంచి తర్వాతి చోటికి నేల ఎంత లేచింది, ఎంత దిగింది అని చూస్తూ చేయించండి. పరికరం ఎత్తులోంచి ప్రతి రీడింగునూ తీసేసే హైట్ ఆఫ్ ఇన్‌స్ట్రుమెంట్ పద్ధతి తొందరగా అవుతుంది గానీ, మామూలుగా చేసే తనిఖీలో మధ్య రీడింగుల్లోని లెక్క తప్పు బయటపడదు. రైజ్ అండ్ ఫాల్‌లో బ్యాక్‌సైట్ల (పరికరం పెట్టిన ప్రతి చోటా తీసే మొదటి రీడింగుల) మొత్తంలోంచి ఫోర్‌సైట్ల (చివరి రీడింగుల) మొత్తం తీసేసినా, రైజుల మొత్తంలోంచి ఫాల్‌ల మొత్తం తీసేసినా, చివరి లెవెల్‌లోంచి మొదటిది తీసేసినా ఒకే అంకె రావాలి. రాలేదంటే ఎక్కడో కూడికలో పొరపాటు ఉంది. ఈ పద్ధతిలో జట్టంతా ఒకే పుస్తకం మీద వంగి కూర్చోక తప్పదు. అంకెలు చూసి రాసుకునే అలవాటు దానితోనే పోతుంది.

రోల్ నంబర్ల సమస్య నిజానికి లేదు. ఎక్స్‌టర్నల్ జాబితా యూనివర్సిటీ వరుసలోనే ఉండనివ్వండి. సెమిస్టరు మధ్యలో జరిగే మైదానం పనికి మాత్రం జట్లు వేరుగా కట్టవచ్చు. మార్కుల రిజిస్టరును ముట్టుకోనక్కరలేదు.

గొలుసు మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం రాస్తాను. మీ ల్యాబ్‌లో ఉండేది 20 లేదా 30 మీటర్ల గొలుసు, లింకు 20 సెంటీమీటర్లు. ఇప్పుడు బయట దూరాలూ కోణాలూ తనే కొలిచే టోటల్ స్టేషన్ పరికరం వచ్చేసింది, ఇంకా ఈ గొలుసెందుకని మీరంతా అడుగుతారు. మీ ఊళ్లో పొలం కొలతలన్నీ గొలుసు లోంచే పుట్టాయి కాబట్టి. ఎడ్మండ్ గంటర్ 1620లో తయారుచేసిన గొలుసు పొడవు 66 అడుగులు, లింకులు 100. పది చదరపు గొలుసులైతే ఎకరం. అంటే ఎకరానికి లక్ష చదరపు లింకులు, వెయ్యి చదరపు లింకులైతే ఒక సెంటు. కోస్తా, రాయలసీమల్లో పలికే సెంటు అదే, 48.4 చదరపు గజాలు. ఇక్కడ తెలంగాణలో మన కొలత గుంట. గంటర్ గొలుసులో సగం, 33 అడుగులు, పొడవుకూ వెడల్పుకూ పెట్టి చూడండి: 1,089 చదరపు అడుగులు, అంటే 121 చదరపు గజాలు. అలాంటివి 40 అయితే 4,840 గజాలు, ఎకరం. గుంటకు రెండున్నర సెంట్లన్న మాట. అమ్మాయీ, ఈ లెక్కను మొదటి రోజే తరగతిలో చెప్పించు. రైతుల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఇక సర్వేయింగ్‌ను మరచిపోరు.

పరికరానికి గొడుగు పట్టడం మానకండి. మన దేశాన్ని త్రికోణాలతో కొలిచే సర్వే మొదలుపెట్టిన విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఏడున్నర మైళ్ల బేస్‌లైన్‌ను (సర్వేకు ఆధారమైన గీతను) వంద అడుగుల ఉక్కు గొలుసుతో కొలిచినప్పుడు, గొలుసు మీద ఎండ పడకుండా గుడారాలు వేయించాడు. 30 మీటర్ల ఉక్కు టేపు 20 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. చిన్నదే అనిపిస్తుంది, కానీ కిలోమీటర్లు కొలిచేటప్పుడు ఆ తేడా పేరుకుపోతుంది.

---

మానుకోట అమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 2:05

నమస్తే. మా అబ్బాయి కూడా ఈ ఏడే ఈసెట్‌తో సివిల్‌లో చేరాడు, హాస్టల్‌లో ఉన్నాడు. ఫోన్ చేస్తే ‘బాగానే ఉంది అమ్మా’ అంటాడు, అంతకు మించి చెప్పడు. డిప్లొమాలో ఉన్నప్పుడు ఇంటికి రాగానే మైదానంలో ఏం చేశాడో అన్నం తింటూ చెప్పేవాడు. ఇప్పుడు మాటలు తగ్గాయి. మీరు రాసింది చదివాక కారణం ఏమై ఉంటుందో కొంత అర్థమైంది. లెక్కలకు ఏ పుస్తకం కొనివ్వాలి? ట్యూషన్ పెట్టించాలా? నేను టైలరింగ్ చేస్తాను, నాకు ఈ చదువుల సంగతి తెలియదు. తెలిసినవాళ్లు చెప్పండి.

---

చివరిబ్యాచ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:40

అమ్మా, నమస్తే. కొత్త పుస్తకం కొననక్కరలేదు. కాలేజీ లైబ్రరీలో ఎం-1, ఎం-2 పుస్తకాలు ఉంటాయి. మొదటి సంవత్సరం పిల్లలు ఇప్పుడే చేరుతున్నారు కాబట్టి కొంచెం ముందుగా వెళ్లి తీసుకోమనండి. ట్యూషన్ గురించి ఇప్పుడే తొందరపడకండి. మొత్తం రెండు పుస్తకాలూ చదవాల్సిన పని లేదు. ఈ సెమిస్టరుకు కావలసింది పార్షియల్ డెరివేటివ్స్, మామూలు డిఫరెన్షియల్ సమీకరణాలు, డబుల్ ఇంటిగ్రల్స్. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో దూలం ఎంత వంగుతుందో కనుక్కునే లెక్కకు రెండుసార్లు ఇంటిగ్రేషన్ చేస్తారు. అది వస్తే చాలా భయం పోతుంది.

హాస్టల్‌లో రెగ్యులర్ బ్యాచ్ పిల్లల గది పక్కనే ఉంటే అడిగి చెప్పించుకోమనండి. నాకు అలా చెప్పినవాడు ఇప్పటికీ నా ప్రాణ స్నేహితుడు. మొదట్లో మేమంతా ఇంట్లో తక్కువే మాట్లాడాం అమ్మా. మీరు ఫోన్‌లో మార్కుల గురించి కాకుండా మైదానంలో ఏం చేశాడో అడగండి.

---

ఎర్రమట్టి దిబ్బ | మంగళవారం, సాయంత్రం 7:15

విశాఖపట్నం నుంచి రాస్తున్నాను, డిగ్రీలో జియాలజీ. మా దగ్గర 2023-24 నుంచి ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. మా అక్క చదివినప్పుడు మూడు సబ్జెక్టులు సమానంగా ఉండేవి, వేరువేరు కాంబినేషన్ల పిల్లలు ఒకే ల్యాబ్‌లో కలిసేవారు. ఇప్పుడు మొదటి రోజు నుంచే మేం జియాలజీవాళ్లం. లోతు పెరిగింది, కానీ పక్క సబ్జెక్టు పిల్లలతో కలిసే బల్ల పోయింది. అందుకే నల్లరాయి గారి బాధ నాకు అర్థమవుతోంది.

సివిల్‌వాళ్లకు ఈ సెమిస్టరులో ఇంజనీరింగ్ జియాలజీ ల్యాబ్ ఉంటుంది కదా. కలపడం అక్కడ మొదలుపెట్టండి. ఎందుకంటే రాళ్ల పెట్టె ముందు అందరూ కొత్తవాళ్లే. నంబరు అంటించిన ముక్క చేతికిస్తారు. రంగు చూడాలి, బరువు చూడాలి, కత్తితో గీకాలి, విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయాలి. నురగ వస్తే కాల్సైట్ ఉన్నట్టు. గ్రానైటుకూ నైసుకూ తేడా చెప్పేటప్పుడు గింజలు పట్టీలుగా సర్దుకున్నాయా లేదా అని వెలుతురులో తిప్పి చూడాలి. ఒకరు చూడనిది మరొకరు చూస్తారు.

మా దగ్గర కొండలన్నీ ఖొండలైటు. సింహాచలం, కైలాసగిరి వెళ్లేటప్పుడు రోడ్డు కోసిన చోట తుప్పు రంగులో కనిపిస్తుంది, చేత్తో నలిపితే కొన్నిచోట్ల పిండి అయిపోతుంది. ఈ సెమిస్టరు మొదలయ్యాక నేను బస్సు కిటికీ లోంచి చూసే తీరే మారిపోయింది. మీ వరంగల్‌లో ఏ రాయి?

---

నల్లరాయి | మంగళవారం, రాత్రి 9:30

ఎర్రమట్టి దిబ్బ గారూ, నా పేరులోనే జవాబు ఉంది. మా దగ్గర నేలంతా గ్రానైటు, నైసు; దాన్ని చీల్చుకుని పైకి వచ్చిన డోలరైటు నల్లగా గోడల్లా నిలిచి ఉంటుంది. నిన్న ల్యాబ్‌లో డోలరైటు ముక్క చేతికి ఇచ్చినప్పుడు దాని బరువుకు ఆశ్చర్యపోయాను. మొన్నటి దాకా వేయిస్తంభాల గుడి ముందు నుంచే రోజూ వెళ్తూ ఆ నున్నటి నల్ల స్తంభాలను ‘నల్లరాయి’ అనే అనుకునేదాన్ని. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. ఇంత గట్టి రాయిని అంత నునుపుగా, అద్దంలా ఎలా తేల్చారో ఇప్పుడు ఇంకా తెలుసుకోవాలనిపిస్తోంది. అక్కడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పదీసి, మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. పునాది కింద ఇసుక పొర వేసి కట్టారని మా జియాలజీ మేడమ్ చెప్పారు. సాయిల్ మెకానిక్స్ వచ్చే సెమిస్టర్లలో ఉంది, అప్పటికి ప్రశ్నలు దాచుకుంటున్నాను.

మాస్టారూ, గుంట లెక్కను ఇవాళ మా నాన్నకు చెప్పాను. ఆయన వెంటనే మా చెలకకు సెంట్లలో లెక్క కట్టారు. మీ పద్ధతిని, పొడి అక్షరాల సంగతితో సహా, రాసి పెట్టుకున్నాం. రేపు హెచ్‌వోడీ గారి దగ్గరికి వెళ్తున్నాం. రెండో బెంచి గారి అభ్యంతరాలు కూడా అందులోనే రాశాం, ఆయన అడగకముందే జవాబు ఉండాలని.

---

అర్లింగ్టన్ తెలుగు | బుధవారం, ఉదయం 8:02

టెక్సస్‌లో మాస్టర్స్ చేస్తూ ఒక బీఎస్ (ఇక్కడి డిగ్రీ) ల్యాబ్‌కు టీచింగ్ అసిస్టెంటుగా ఉన్నాను. ఇక్కడ ఫాల్ సెమిస్టరు ఆగస్టు చివర్లో మొదలవుతుంది. మన ల్యాటరల్ ఎంట్రీకి ఇక్కడ దగ్గరి పోలిక కమ్యూనిటీ కాలేజీ నుంచి మూడో ఏడాదిలో బదిలీ అయి వచ్చేవాళ్లు. చాలామంది ఉద్యోగం చేసుకుంటూ చదివినవాళ్లు, నాకంటే పెద్దవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు వేరే నంబరు వరుస లేదు, అందువల్ల జట్లలో తెలియకుండానే కలిసిపోతారు. అయినా ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారు. తేడా ఎక్కడంటే, ఆఫీసు గంటలు, అంటే వచ్చి సందేహాలు అడిగే వేళలు, ఫలానా రోజు ఫలానా గదిలో అని సిలబస్ కాగితం మీద మొదటి రోజే అచ్చువేసి ఇస్తారు. అడగడానికి మొహమాటపడేవాడికి ఆ వేళ, ఆ గది ముందే తెలిసి ఉండడం చాలా పెద్ద ఆసరా. మీరు లెక్కలు చెప్పుకోవాలనుకుంటే ‘ఎప్పుడైనా అడుగు’ అనకండి. రోజు, గంట, గది చెప్పండి.

---

సరిహద్దు రాయి | బుధవారం, రాత్రి 8:50

కృష్ణా జిల్లాలో గ్రామ సర్వేయరుని. డిప్లొమా తర్వాత ఈసెట్ రాయలేదు, ఇంటి పరిస్థితి వల్ల ఉద్యోగంలో చేరాను. నా తోటివాళ్లు బీటెక్‌కు వెళ్లారు. ఈ చర్చ మొత్తం చదివాను.

మా దగ్గర 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. డ్రోన్లు, ఉపగ్రహాల సంకేతాలతో స్థానం చూపించే రోవర్లు. పాత ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) పటంలో లింకుల్లో రాసిన కొలత ఒక చేతిలో, రోవరు చూపించే అంకె ఇంకో చేతిలో పట్టుకుని గట్టు మీద నిలబడతాం. రెండూ ఒక్కోసారి కలవవు. ఒక పెద్దాయన ‘మా నాయన దగ్గరుండి గొలుసు పట్టించాడు, అది అబద్ధమా’ అని నన్ను అడిగాడు. అబద్ధం కాదు. గొలుసుతో కొలిచినప్పుడు అది సాగి ఉండవచ్చు, నేల ఎగుడుదిగుడుగా ఉండవచ్చు, తర్వాత గట్టు జరిగి ఉండవచ్చు. ఆ తేడా ఎలా వచ్చిందో ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలంటే పరికరం బిగించడం వస్తే సరిపోదు. దోషం ఎలా పేరుకుంటుందో, దాన్ని ఎలా పంచుతారో తెలియాలి, అంటే లెక్క రావాలి. ఆ లెక్క నేను ఉద్యోగంలో చేరాక రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్నాను.

కాబట్టి నల్లరాయి చెల్లెమ్మా, డిప్లొమా పిల్లల చేతికి ఫీల్డ్ బుక్కు ఎక్కువసార్లు ఇవ్వండి. మీరు గొలుసు, స్టాఫ్ ఎక్కువసార్లు పట్టుకోండి. రాని పనే ముందుగా చేయాలి. అన్నట్టు, ఈ పని చేసేవాళ్లకు తెలంగాణలో కూడా అవసరం పెరుగుతోంది. 2025లో లైసెన్సుడ్ సర్వేయర్లకు శిక్షణ ఇచ్చారు. ఇది పాత సబ్జెక్టు, మార్కులకోసం దాటేయవచ్చని ఎవరైనా చెబితే వినకండి.

---

రెండో బెంచి | బుధవారం, రాత్రి 9:25

మాస్టారు చెప్పిన పద్ధతిలో నా మొదటి అభ్యంతరం తీరింది, రిజిస్టరు కదలదు. రెండోది కూడా చాలావరకు తీరినట్టే. అయితే ఒక మాట. పనులు తిప్పుతున్నారా లేదా అని ప్రతి వారం చూసేవాళ్లు ఉండాలి. మొదటి రెండు వారాలు అందరూ శ్రద్ధగా చేస్తారు. మొదటి మిడ్ పరీక్షలు దగ్గరపడే కొద్దీ ఎవరికి తొందరగా వస్తుందో వాళ్ల చేతికే పని పోతుంది. ఆ వారాల్లో గట్టిగా నిలబడండి. హాజరు 75 శాతం కోసం వచ్చి కూర్చునేవాళ్లు ఏ జట్టులోనైనా ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల సంగతి కూడా ఆలోచించాలి.

---

నల్లరాయి | గురువారం, రాత్రి 8:40

వెళ్లి వచ్చాం. హెచ్‌వోడీ గారు మొత్తం చదివారు. సర్వే ల్యాబ్‌కు ఒప్పుకున్నారు. బ్యాచ్‌లు రోల్ నంబర్ల వరుసలోనే ఉంటాయి, కానీ మూడు బ్యాచ్‌లకూ మైదానం పని ఒకే రోజుకు మార్చి, జట్లు కలిపి కట్టుకోమన్నారు. జియాలజీ, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్‌లకు ఇప్పుడే కుదరదన్నారు. యంత్రాలు తక్కువ, టైంటేబుల్ మారిస్తే మిగతా సంవత్సరాలవాళ్లకు ఇబ్బంది. టెన్సైల్ పరీక్షకు యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్ ఒక్కటే ఉన్న మాట నిజమే. ఫీల్డ్ బుక్కులో పొడి అక్షరాల పద్ధతి ఆయనకు బాగా నచ్చింది. ప్రతి వారం ల్యాబ్ సారు సంతకం పెడతారు, కాబట్టి రెండో బెంచి గారు చెప్పిన పని ఆయనే చూస్తారు.

లెక్కలకు శనివారం మధ్యాహ్నం మూడింటికి మా తరగతి గది అడిగాం, ఇచ్చారు. అర్లింగ్టన్ గారు చెప్పినట్టు రోజు, గంట, గది నోటీసు బోర్డు మీద రాశాం. పేరు మాత్రం ‘ల్యాటరల్ ఎంట్రీవాళ్లకు’ అని పెట్టలేదు. ‘ఎం-1, ఎం-2 పునశ్చరణ’ అని రాశాం. రెగ్యులర్ బ్యాచ్‌లో కూడా ఎం-2 సప్లీ ఉన్నవాళ్లు ఉన్నారు, వాళ్లూ వస్తామన్నారు.

చివరిబ్యాచ్ గారూ, ముందు ఏది చెప్పాలి? పార్షియల్ డెరివేటివ్సా, డిఫరెన్షియల్ సమీకరణాలా? మా ఫ్లూయిడ్ మెకానిక్స్ సారు వేగంగా వెళ్తున్నారు.

---

మానుకోట అమ్మ | గురువారం, రాత్రి 9:15

మీరు చెప్పినట్టే మైదానంలో ఏం చేశావని అడిగాను. చాలాసేపు మాట్లాడాడు. థియోడొలైట్ అంట, పేరు సరిగా రాశానో లేదో. వాళ్ల కాలేజీలో కూడా ఇలా శనివారం గది అడగవచ్చా అని అతనికి ఈ చర్చ పంపించాను.

---

చివరిబ్యాచ్ | గురువారం, రాత్రి 9:52

నల్లరాయి గారూ, పార్షియల్ డెరివేటివ్స్‌తో మొదలుపెట్టండి. అది ఒక్క శనివారంలో అవుతుంది. సూత్రంతో కాకుండా, ఎత్తుపల్లాలున్న నేలతో చెప్పండి. తూర్పు వైపు మాత్రమే నడిస్తే ఎత్తు ఎంత మారుతుంది, ఉత్తరం వైపు మాత్రమే నడిస్తే ఎంత మారుతుంది. లెవెలింగ్ చేసినవాడికి వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే గ్రిడ్ మీద లెవెల్స్ తీసి కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) గీసినవాళ్లే మేమంతా. రెండో శనివారం డిఫరెన్షియల్ సమీకరణాలు, ఆ తర్వాత దూలం వంపు లెక్క. డబుల్ ఇంటిగ్రల్స్ మిడ్స్ అయ్యాక చూడవచ్చు. నేను రాసుకున్న నోట్సు ఫోటోలు రేపు పెడతాను.

అమ్మా, థియోడొలైట్ సరిగానే రాశారు, కోణాలు కొలిచే పరికరం అది. గది తప్పకుండా అడగమనండి, వాళ్ల సీఆర్‌తో కలిసి వెళ్తే మంచిది.